యాభై వాటాల మాట

“ముందు ఆ టేపు కింద పెట్టండి.”

బైండరమ్మ అరవలేదు. కానీ కటింగ్ మిషను అప్పుడే ఆపేయడంతో షాపంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి, ఆ మాట గోడకు మేకు దిగినట్టు వినబడింది. గోడవారన వంగి కొలతలు తీస్తున్న ఇద్దరు మనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మాకు చెప్పిన పని మేం చేస్తున్నామమ్మా,” అన్నాడు పొడుగాటివాడు. “సోఫాలు ఈ వైపు, మంచాలు ఆ వైపు. మధ్యలో ఈ గోడ తీసెయ్యాలట.”

“ఎవడు తీసెయ్యమన్నది?”

“ఫర్నిచర్ షోరూమ్ ఆయన. మీ అన్నగారే కదమ్మా గేటు తీసి మమ్మల్ని లోపలికి పంపించింది. మీకు చెప్పలేదా?”

చెప్పాడంటే అబద్ధం. చెప్పలేదంటే పరువు తక్కువ. పనివాళ్ళు నలుగురూ అట్టలు చేతుల్లో పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడి ఆమె వంకే చూస్తున్నారు.

అన్నయ్య తన వాటాలు బయటివాళ్ళకు బేరం పెట్టాడని వీధిలో గుసగుసలు మొదలై వారమైంది. నిలదీస్తే, “అబ్బే, ఎవరో ఊరికే అడిగారు,” అని నవ్వేశాడు. ఊరికే అడిగినవాళ్ళు టేపులు పట్టుకుని రారు.

బైండరమ్మ రెండంగల్లో గోడ దగ్గరికెళ్ళి, పొడుగాటివాడి చేతిలోంచి టేపు లాగేసుకుంది. సర్రున లోపలికి చుట్టుకుపోతున్న టేపు అంచు ఆమె బొటనవేలిని కోసింది. అదేమీ పట్టించుకోకుండా మెట్లెక్కింది.

పైన అన్నయ్య ప్యాంటు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బళ్ళో డ్రిల్లు మాస్టారుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. తెల్ల ప్యాంటుకు కత్తిలాంటి మడత పడితేగాని ఇప్పటికీ గడప దాటడు. కిటికీ వెలుతురులో వదిన కూర్చుని, కింది షాపు నుంచి వచ్చిన ఫారాలు, మడిచిన అచ్చుకాగితాలు, ఒకదాని మీద ఒకటి పేర్చి సూదీ దారంతో కుడుతోంది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని అదే. ఆ వీధిలో బైండైన లావు పుస్తకాలన్నిటి వెన్నెముకలూ ఆవిడ చేతి కుట్టే.

బైండరమ్మ టేపు తీసుకెళ్ళి ఇస్త్రీ బల్ల మీద పడేసింది.

“ఏంటిది?”

“టేపు,” అన్నాడు అన్నయ్య.

“వెటకారమా?”

“నువ్వడిగావు. నేను చెప్పాను.”

“అమ్మేశావా?”

అన్నయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. “ఇంకా లేదు. అమ్ముతానని సంతకం పెట్టాను.”

“నాకు అమ్ముతానన్నవేనా?”

“అన్నాను. అప్పుడన్నాను.”

“అప్పుడేంటి? మాటకి కూడా మందుసీసాలాగా గడువు తేదీ ఉంటుందా?”

“ఉంటుంది మరి!” అన్నయ్య గొంతు బడి మైదానం దాకా వినబడేలా లేచింది. “కొత్త కుట్టు మిషను బిగించగానే పేర్లు మార్పించుకుందామన్నాం. మిషను బిగించి ఎనిమిది నెలలైంది. ఒక్కనాడైనా ఈ మెట్లెక్కి 'అన్నయ్యా, పద వెళ్దాం' అన్నావా? కింద నీ మిషను టకటకలాడుతుంటే పైన నేను నీ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవాలా?”

“సొమ్ము కూడబెట్టుకుంటున్నాను. నీకు తెలీదా?”

“తెలుసు. నువ్వు కూడబెట్టేలోపు నేను కాటికెళ్ళిపోతానని కూడా తెలుసు.”

“అయితే ఆ ముక్క నాకు చెప్పాలి. ఇంక ఇవ్వను, నీ దారి నువ్వు చూసుకో అనాలి. దొడ్డిదారిన షోరూమ్ వాడి దగ్గరికి పోవడం కాదు.” బైండరమ్మ వేలి నుంచి నెత్తురు కారుతోంది. “పద్నాలుగు నెలల కిందట ఇక్కడే అన్నావు. ఈ గదిలోనే. వదిన అదిగో ఆ చోటే కూర్చుని ఉంది. 'నా యాభై వాటాలూ నీకే, ఆడిటరు ఈ ఏడు కట్టిన ధరకే' అన్నావు. నేను సరేనన్నాను. చెయ్యి కూడా కలిపావు!”

“కాగితం చూపించు.”

“ఏంటీ?”

“కాగితమే, కాగితం. నువ్వు పొద్దస్తమానం మడతలు పెట్టే సామాను. ఒక్క ముక్క చూపించు.” అన్నయ్య చెయ్యి చాచి ఆమె ముందు పెట్టాడు. “బిల్డింగు బేరమంటే వంకాయల బేరమనుకున్నావా? స్టాంపు కాగితం ఉండాలి. సాక్షి సంతకాలుండాలి. రిజిస్ట్రేషను జరగాలి. ఇవేవీ లేనిది గాలిమాట. నేను కనుక్కునే చేశాను.”

బైండరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నయ్యను వదిలేసి కిటికీ వైపు తిరిగింది.

“వదినా, నువ్వు విన్నావు. చెప్పు.”

సూది ఫారం మధ్యలో ఆగింది. వదిన తలెత్తలేదు. దారాన్ని పంటితో కొరికి తెంపి, ముడేసి, పక్కనున్న ఇంకో ఫారం అందుకుంది.

“దాన్నెందుకు లాగుతావు మధ్యలోకి?” అన్నాడు అన్నయ్య. “నాతో మాట్లాడు. నాన్న నీకు షాపు ఇచ్చాడు. నాకేమిచ్చాడు? విజిల్! ముప్పై ఏళ్ళు ఎండలో నిలబడి లెఫ్ట్ రైట్ కొట్టించాను. ఈ బిల్డింగులో సగం నాదంటారు కానీ, దీన్నుంచి నాకు దక్కిందల్లా జిగురు కంపు. ఇప్పుడొకడు నాలుగింతలు ఇస్తానంటూ వచ్చాడు. నాలుగింతలు! చెల్లెలి మీద ప్రేమ కొద్దీ మూడింతలు గంగలో కలుపుకోమంటావా?”

“ప్రేమ కొద్దీ వద్దు. మాట కొద్దీ కలుపుకో.”

“కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేమంటారు.” అన్నయ్య ప్యాంటు దులిపి భుజాన వేసుకున్నాడు. “నేను తీసుకుంటున్నాను. ఏం చేస్తావో చేసుకో.”

*

చేసుకోవడానికి ఆమెకు తెలిసిన తలుపు ఒక్కటే.

లాయర్లు అద్దెకుండే ఆ పాత భవనంలో పొడుగాటి వరండా, వరండాకి రెండువైపులా తలుపులు, తలుపు తలుపుకీ లాయరు పేరున్న ఒక నల్లటి బోర్డు. అందులో సగం గదుల్లోని తీర్పుల పుస్తకాలకు అట్ట వేసింది బైండరమ్మే. అందుకే ఆ మధ్యాహ్నం లాయరమ్మకు ఇవ్వాల్సిన మూడు సంపుటాలూ పనివాడికి ఇవ్వకుండా తనే మోసుకెళ్ళింది. పుస్తకాలు బల్ల మీద పెట్టింది. పెట్టినచోటే నిలబడి, గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పేసింది.

లాయరమ్మ అరవై దాటిన మనిషి. అవతలివాళ్ళ ఆవేశం చల్లారేదాకా పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చోవడం ఆవిడ అలవాటు.

“ఆ బిల్డింగు ఎవరిది?” అంది చివరికి.

“మాదే. అన్నయ్యదీ నాదీ.”

“కాదు.”

“మీరూ అదే మాటా మేడమ్?”

“కోపం తర్వాత పడుదురుగాని. పన్ను రసీదు ఎవరి పేరున వస్తుంది?”

“కంపెనీ పేరున. పిల్లలు రంపం పెట్టి కోసుకోకూడదని నాన్న అలా పెట్టించాడు.”

“మరి? గోడలూ మెట్లూ కిటికీలూ అన్నీ కంపెనీవి. మీ ఇద్దరికీ ఉన్నది ఆ కంపెనీలో చెరో యాభై వాటాలు. మీ అన్నగారు మీకు అమ్ముతానన్నది గోడలు కాదు, వాటాలు. ఇల్లో స్థలమో అమ్మాలంటే అది రాతలో ఉండాలి, సంతకాలుండాలి. ఆ సంగతి ఆయన సరిగ్గానే విన్నారు. కానీ చెప్పినవాళ్ళెవరో సగమే చెప్పారు. కంపెనీకి ఉన్న ఆస్తంతా ఆ ఒక్క బిల్డింగే అయినా సరే, వాటా అమ్మితే బిల్డింగు అమ్మినట్టు కాదు. కాబట్టి కాగితం లేదన్న ఒక్క కారణంతో ఆ మాట కొట్టుకుపోదు.”

బైండరమ్మ అప్పుడు కూర్చుంది. “అంటే, నోటిమాట చెల్లుతుందా?”

“చెల్లొచ్చు. ఏం అమ్ముతున్నారో తేలాలి, ఎంతకో తేలాలి. ఇద్దరూ నిజంగానే కట్టుబడదామనుకుని అన్నదై ఉండాలి. 'నీకివ్వక ఇంకెవరికిస్తానే, చూద్దాంలే' అన్నది ఒప్పందం కాదు, ముచ్చట. ఆయనేమన్నారో మాట పొల్లుపోకుండా చెప్పండి.”

చెప్పింది. లాయరమ్మ రాసుకుంది. వాటాలు యాభై. ధర ఆడిటరు కట్టినది, అది కాగితం మీదుంది. మిషను బిగించాక పేరు మార్పు.

“గడువు దాటితే ఇంతే సంగతులు అనుకున్నారా?”

“లేదు.”

“ఇంక ఇవ్వనని ఆయన మీకెప్పుడైనా చెప్పారా?”

“ఇవాళ పొద్దున. అదీ వాడి మనుషులు నా గోడలు కొలిచాక.”

“ఇంట్లోవాళ్ళు వద్దన్నాకే బయటివాళ్ళకు అమ్మాలన్న షరతు మీ కంపెనీ నిబంధనల్లో ఉందా?”

“నాన్న రాయించలేదు. కొడుకు మీద నమ్మకం.”

“కొడుకుల మీద నమ్మకాలే మాకు అన్నం పెట్టేది,” అంది లాయరమ్మ నవ్వకుండా. “సరే. వాటాదారుల రిజిస్టరు ఎక్కడుంది?”

“నా బీరువాలో. కొత్త పేరేదీ ఎక్కలేదు.”

“మంచిది. అంటే గుర్రం ఇంకా శాలలోనే ఉంది, వాటాలు ఇంకా ఆయన పేరునే ఉన్నాయి.”

“నేను గెలిస్తే మాత్రం ఏంటి మేడమ్? నష్టపరిహారమని ఇంత నా మొహాన కొట్టి, వాటాలు వాడికే ఇస్తాడుగా!”

“బజార్లో దొరికే వాటాలైతే కోర్టు అలాగే అంటుంది, ఈ సొమ్ముతో వేరేచోట కొనుక్కోమని. మీ ఇంటి కంపెనీ వాటాలు ఏ అంగట్లో దొరుకుతాయి? అందుకే, ఆ వాటాలే మీ పేర రాసివ్వమని ఆదేశించే వీలుంది.” పెన్సిల్ కింద పెట్టింది. “కానీ ఇదంతా మీ మాట. ఆయన లేదంటారు. విన్నదెవరు?”

“మా వదిన.”

“అంటే ఆయన భార్య.”

“అవును.”

లాయరమ్మ పెన్సిల్ మళ్ళీ అందుకుంది. “ఆ రోజు ఇంకేమైనా అనుకున్నారా?” అనడిగింది. “ఉంటే ఇప్పుడే చెప్పండి. ఒప్పందంలో మనకు తియ్యగా ఉన్న తొన ఒక్కటే ఒలుచుకుంటామంటే కుదరదు.”

“ఇంకేం లేదు,” అంది బైండరమ్మ.

ఉంది. చెయ్యి కలపబోతూ అన్నయ్య ఒక్క క్షణం ఆగాడు. కిటికీ దగ్గరి వదిన వైపు గడ్డంతో చూపించి, “మరి దీని సంగతేంటి?” అన్నాడు. బైండరమ్మ వెంటనే, “ఈ మేడ నీదే వదినా. నువ్వున్నన్నాళ్ళూ నిన్నిక్కణ్ణించి ఎవరూ కదపరు. సరేనా?” అంది. ఆ తర్వాతే అన్నయ్య చెయ్యి ముందుకొచ్చింది.

అది బేరంలో మాటా? ఇంట్లో మాట. మనసులో ఆప్యాయత ఉన్నప్పుడు ఎన్నో అంటాం. పైగా అన్నయ్యకు కట్టాల్సిన సొమ్ముకు ఎక్కడా దారి కనబడక, పోయిన బుధవారమే ఒక ట్యూషన్ మాస్టారికి మేడ చూపించింది ఆమె. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసే చూపించింది. “ఒకటో తారీకు నుంచి బెంచీలు వేసుకోండి,” అని కూడా చెప్పింది. చేతికి సొమ్మొస్తే అన్నావదినలకు ఇల్లు దొరక్కపోతుందా?

ఇదంతా లాయరమ్మకు ఎందుకు? ఇప్పుడు దొంగ అన్నయ్య. తను కాదు.

*

సాయంత్రం పనివాళ్ళు వెళ్ళిపోయాక, రోజూలాగే వదిన కుట్టిన పుస్తకాల కట్ట మోసుకుంటూ కిందికి దిగింది. బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“రేపటికి పనేమైనా ఉందా?”

“చిన్నవన్నీ మిషనే కుట్టేస్తోంది వదినా. లావువేమైనా వస్తే పంపిస్తాను.”

“అంటే లేదు.”

బైండరమ్మ ఆ మాట విననట్టు పుస్తకాలు లెక్కపెట్టసాగింది. ఈ ఎనిమిది నెలల్లో పైకి వెళ్ళే కట్టలు పల్చబడుతూ వచ్చాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

“లాయరమ్మ అందర్నీ రమ్మంటోంది, కోర్టుకెక్కకముందే ఒకసారి కూర్చుందామని. నువ్వూ రావాలి. ఆ రోజు విన్నది విన్నట్టు చెప్పు, చాలు.”

“విన్నది విన్నట్టా?”

“అవును.”

“మొత్తమా?”

బైండరమ్మ జిగురు బ్రష్షు తీసుకుని నీళ్ళల్లో ముంచి గట్టిగా రుద్దసాగింది. “అన్నయ్య అన్నది.”

వదిన ఆ బ్రష్షు వంకే చాలాసేపు చూసింది.

“ఇరవై ఆరేళ్ళలో ఈ ఇంట్లో నన్నొక మాట అడగడం ఇదే మొదలు,” అంది. “అదీ కట్టుకున్నవాడికి ఎదురు చెప్పడానికి.”

“న్యాయం చెప్పమంటున్నాను వదినా!”

“ఎవరి న్యాయం?”

జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు పైగదిలో కిటికీ దాకా వినబడి, అక్కడ ఆగింది.

*

నాలుగో రోజు ఉదయం పదింటికి అన్నయ్య కత్తిలాంటి మడతతో లాయరమ్మ గదిలోకి వచ్చాడు. వెనకాలే వదిన. అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వదిన తలుపు దగ్గరి స్టూలు మీద కూర్చుంది.

“ముందే చెబుతున్నాను,” అంది లాయరమ్మ. “నేను మీ చెల్లెలి తరఫు మనిషిని. మీ మంచిచెడ్డలు చూసేదాన్ని కాదు. కావాలంటే మీ లాయరుతో మాట్లాడుకుని రండి.”

“నాకు లాయరెందుకు మేడమ్? నిజమే నా లాయరు. వాటాల సంగతి ఎప్పుడో సరదాగా అనుకున్నాం. చెల్లెలు కదా, ఏదో అంటాం. దానికి ఉరేసుకోమంటే ఎలా?”

“సరదాగా ఆడిటరు ధర కూడా చెప్పారా?”

“ఏ ధరా చెప్పలేదు.”

“అన్నయ్యా!” బైండరమ్మ లేచి నిలబడింది. “నాన్న ఫోటో మీద చెయ్యేసి చెప్పగలవా ఆ ముక్క?”

“కూర్చోండి,” అంది లాయరమ్మ. ఆ తర్వాత తలుపు వైపు చూసింది. “అమ్మా, మీకిష్టమైతేనే చెప్పండి. బలవంతం లేదు. ఆ రోజు మీరా గదిలో ఉన్నారా?”

వదిన తల వంచుకుంది. అన్నయ్య కాలు మీద కాలు వేసుకున్నాడు.

“దానికేం గుర్తుంటుందండీ? కుట్టుపనిలో మునిగితే పక్కన పిడుగు పడ్డా దానికి వినబడదు.” జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీదికి విసిరాడు. “ఇదిగో, చూడండి. ఒప్పందమంటే ఇలా ఉంటుంది. షోరూమ్ ఆయన నాకు రాసిచ్చింది. చదవండి, మా చెల్లెలు కూడా వింటుంది.”

లాయరమ్మ చదివింది. పైకే చదివింది. యాభై వాటాలు. పేరు మార్పు. ఆ తర్వాత మూడో షరతు దగ్గర ఆమె గొంతు నెమ్మదించింది.

“'మేడమీది భాగాన్ని ఈ నెలాఖరులోగా ఖాళీ చేయించి తాళాలు అప్పగించే పూచీ అమ్మేవారిదే.'”

“ఏ మేడ?” అంది వదిన.

అందరూ తలలు తిప్పారు. పొద్దుట్నించి ఆవిడ మాట్లాడడం అదే మొదలు.

“ఉన్నది ఒక్క మేడే కదే,” అన్నాడు అన్నయ్య. “ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

“నెలాఖరంటే పదకొండు రోజులు.”

“వేరే ఇల్లు చూశాను.”

“ఎక్కడ?”

“చూస్తున్నాను.”

“చూశారా? చూస్తున్నారా?”

“ఇక్కడా నీ గోల?”

వదిన స్టూలు మీద నుంచి లేచింది. బల్ల దగ్గరికొచ్చి ఆ కాగితం తీసుకుని, మూడో షరతు తనే ఇంకోసారి చదువుకుంది. పెదాలు మాత్రమే కదిలాయి. కాగితాన్ని మడత ప్రకారం మళ్ళీ మడిచి మొగుడి ముందు పెట్టింది.

“ఇందాక ఏమడిగారమ్మా?” అంది లాయరమ్మతో. “గదిలో ఉన్నాను. 'నా యాభై వాటాలూ నీకే, ఆడిటరు ఈ ఏడు కట్టిన ధరకే, నీ మిషను బిగించుకోగానే పేరు మార్పిద్దాం' అన్నారు. ఈ అమ్మాయి సరేనంది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. నవ్వులాటకి కాదు. అప్పుడెవరూ నవ్వలేదు.”

అన్నయ్య అరచేత్తో బల్ల మీద కొట్టిన దెబ్బకి పెన్సిల్ ఎగిరి కింద పడింది.

“నువ్వు నా పెళ్ళానివా, దాని సాక్షివా?”

“మీ పెళ్ళాన్నే. అందుకే ఆ గదిలో ఉన్నాను. లేకపోతే నాకెలా వినబడేది?”

“అయ్యా,” అంది లాయరమ్మ, “ఇక్కడితో కాస్త ఆలోచించుకోండి. ఈవిడ చెప్పిందే నిలబడితే, మీరు ఒకే ఆవుని రెండు సంతల్లో అమ్మినట్టవుతుంది. మీ చెల్లెలు వాటాలు ఇమ్మంటుంది. ఇస్తే షోరూమ్ వాళ్ళు సంతకం చూపించి మీ మీద పడతారు. వాళ్ళకిస్తే ఈవిడ మిమ్మల్ని కోర్టుకు లాగుతుంది. ఏదో ఒక వైపు దెబ్బ తప్పదు.”

అన్నయ్య నోరు తెరిచి మూశాడు.

బైండరమ్మ గుండెల్లో వారం రోజులుగా రగులుతున్నది ఒక్కసారి పైకి లేచింది. “విన్నావా? గాలిమాటన్నావు! కాగితం చూపించమన్నావు! ఇప్పుడు చెప్పు, నీ నాలుగింతలు ఎక్కడ...”

“నేను చెప్పడం ఇంకా అవలేదు,” అంది వదిన.

బైండరమ్మ వదిన వైపు తిరిగింది.

“చేతులు కలిపేముందు ఆయన 'మరి దీని సంగతేంటి?' అన్నారు. దీని అంటే నేను. నా పక్కనున్న సూదుల డబ్బా కాదు. అప్పుడు ఈ అమ్మాయి, 'ఈ మేడ నీదే వదినా, నువ్వున్నన్నాళ్ళూ నిన్నెవరూ కదపరు' అంది. అదయ్యాకే ఆయన చెయ్యి చాచారు. నాకు చెప్పకుండా ఉండి ఉంటే నేను ఆశ పెట్టుకునేదాన్నే కాదు.”

లాయరమ్మ నెమ్మదిగా బైండరమ్మ వైపు తిరిగింది. “ఇంకేం లేదన్నారు నాతో.”

“అది... అది ఇంట్లో మాట మేడమ్.”

“అన్నారా, లేదా?”

కాదంటే వదిన అబద్ధాలకోరవుతుంది. వదిన అబద్ధాలకోరైతే ఇప్పుడే గెలిచిన గెలుపు కూడా నీళ్ళపాలవుతుంది. మింగలేక కక్కలేక బైండరమ్మ కొంగు మెలితిప్పింది.

“అన్నాను. కానీ ప్రేమతో అన్నాను. దానికీ బేరానికీ ముడెలా పెడతారు?”

“ఓహో!” అన్నయ్యకు పోయిన గొంతు తిరిగొచ్చింది. “నేనంటే ఒప్పందమూ, నువ్వంటే ప్రేమానా? బాగుందే నీ త్రాసు! నా మాటకి కోర్టా? నీ మాటకి ముద్దులా?”

“నువ్వు నోరు ముయ్యి! పదకొండు రోజుల్లో పెళ్ళాన్ని రోడ్డు మీద నిలబెట్టేవాడివి నువ్వు మాట్లాడకు!”

“నేను నిలబెడితే నువ్వు అడ్డుపడేదానివా? చెప్పు!”

“పడేదాన్నే!”

“ట్యూషన్ మాస్టారి బెంచీల మధ్య నన్నెక్కడ కూర్చోబెట్టేదానివి?” అంది వదిన.

“ఏ మాస్టారు?” అన్నాడు అన్నయ్య.

“ఆయనే వచ్చాడు శుక్రవారం. 'మీరెప్పుడు ఖాళీ చేస్తున్నారండీ, ఒకటో తారీకు నుంచి వేసుకోమన్నారు' అని నన్నే అడిగాడు. మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. నేను మంచినీళ్ళిచ్చి పంపించాను.” వదిన గొంతులో కోపం ఇప్పుడు బయటపడింది. ఎన్నేళ్ళదో, అడుగున పేరుకుని చిక్కబడ్డ కోపం. “మా ఆయన అమ్మింది నా ఇంటినే. నువ్వు అద్దెకిచ్చింది నా ఇంటినే. నాకు చెప్పనిది ఇద్దరూ. ఒక్క తల్లి పిల్లలే మీరు. అనుమానం అక్కర్లేదు.”

“వదినా, సొమ్ముకు దారి లేకే...”

“దారి లేకపోతే నా మీదుగా నడుస్తారా?”

బైండరమ్మ తల దించుకుంది. అన్నయ్య ప్యాంటు మడత సవరించుకున్నాడు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోయారు.

వదిన లాయరమ్మ వైపు తిరిగింది. “మీరు ఈ అమ్మాయి లాయరు కదమ్మా?”

“అవునమ్మా.”

“నా మేడ మాట మీరు చూడగలరా?”

లాయరమ్మ తల అడ్డంగా ఊపింది. “లేదమ్మా. ఒకరి పక్షాన కూర్చున్నాక ఇంకొకరిది చూడకూడదు.”

“సరే. మీరైనా ఉన్నమాట చెప్పారు.”

చెప్పులేసుకుని వరండాలోకి నడిచింది. “ఎక్కడికే?” అని అన్నయ్య వెనక నుంచి కేకేశాడు. ఆగలేదు. బైండరమ్మ పరుగులాంటి నడకతో వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

“వదినా, ఆగు. ఇంటికి పద. మాట్లాడుకుందాం.”

“మాట్లాడుకున్నాం కదమ్మాయ్, పద్నాలుగు నెలల కిందట. చెయ్యి వదులు.”

వదిలింది.

వదిన వరండాలో నిలబడి, కళ్ళు చికిలించి, ఒక్కొక్క తలుపు మీదా బోర్డు చదువుకుంటూ నడిచింది. రెండు తలుపులు దాటింది. మూడోదాని దగ్గర ఆగి, చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దుకుని, వేలి కణుపులతో తట్టింది.

“లోపలికి రావచ్చాండీ?”

“రండమ్మా, రండి,” అంది లోపలి నుంచి ఎవరిదో గొంతు. “కూర్చోండి. కేసు ఎవరి మీద?”

వదిన వెనక్కి తిరిగింది. వరండాలో పక్కపక్కన నిలబడ్డ అన్నాచెల్లెళ్ళను తేరిపార చూసింది.

“ఇద్దరి మీదా,” అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.